సముద్రగర్భ శిలల రసాయన పరివర్తన – పొటాష్ ఎరువుల పుట్టుక

మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ సంచిపై 60 శాతం పొటాష్ అని ముద్రించి ఉంటుంది. ఆ ఎరువులో గంధకం లేదు, మెగ్నీషియం లేదు. జర్మనీ పొటాష్ గనుల నుంచి వచ్చే కీసరైట్‌లో మెగ్నీషియం, గంధకం రెండూ ఉన్నాయి. ఇంగ్లండ్‌లోని బౌల్బీ గని నుంచి వెలికితీసే పాలీహలైట్‌లో పొటాష్‌తో పాటు గంధకం, మెగ్నీషియం, కాల్షియం కూడా ఉన్నాయి. ఈ మూడింటికీ మూలం ప్రాచీన కాలంలో ఎండిపోయిన సముద్రజలమే. అటువంటప్పుడు ఒకచోట గంధకం లేని లవణం, మరొకచోట గంధకంతో నిండిన లవణం ఎందుకు మిగిలాయన్న ప్రశ్న సహజంగానే కలుగుతుంది. మన దేశపు మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ అవసరమంతా దిగుమతులతోనే తీరుతున్నందున, ఈ ప్రశ్న భూగర్భ శాస్త్రానికి ఎంత ముఖ్యమో నేల సారానికి సంబంధించిన శాస్త్రానికీ అంతే ముఖ్యం. దీనికి సమాధానాన్ని శాస్త్రజ్ఞులు ఉప్పు గనుల్లో కంటే ఎక్కువగా సముద్రం అడుగున ఉన్న బసాల్ట్ శిలల్లో వెదికారు.

నదులు తెచ్చేది, సముద్రంలో మిగిలేది

శిలలు శిథిలమై విడుదలయ్యే కాల్షియం, మెగ్నీషియం, సోడియం, పొటాషియం అయాన్లను నదులు నిరంతరం సముద్రానికి చేరుస్తాయి. అయినప్పటికీ సముద్రజలం నదీజలాన్ని మరిగించి చిక్కబరచినట్లు ఉండదు. నదీజలంలో సాధారణంగా కాల్షియం అధికం కాగా, సముద్రజలంలో సోడియం తరువాత స్థానం మెగ్నీషియానిది. నేటి సముద్రజలం ఒక్కో కిలోగ్రాములో సుమారు 53 మిల్లీమోల్‌ల మెగ్నీషియం, 28 మిల్లీమోల్‌ల సల్ఫేట్, పదేసి మిల్లీమోల్‌ల కాల్షియం, పొటాషియం ఉంటాయి.

నదులు తెచ్చే కాల్షియాన్ని గవ్వలు, పగడాలు, సూక్ష్మజీవులు సున్నపురాయిగా మార్చి తొలగిస్తాయి. మెగ్నీషియం, పొటాషియం ఎక్కడికి పోతున్నాయన్నది మాత్రం చాలాకాలం తేలలేదు. 1966లో మెకెంజీ, గారెల్స్ అనే శాస్త్రజ్ఞులు ఒక ప్రతిపాదన చేశారు. నదులు తెచ్చిన బంకమట్టి సముద్రపు అడుగున ఈ అయాన్లను తిరిగి గ్రహించి కొత్త ఖనిజాలుగా మారుతుందని, అంటే నేలపై జరిగే శిథిలీకరణకు విలోమ ప్రక్రియ అక్కడ నడుస్తుందని వారి భావన. అందులో కొంత సత్యం ఉన్నట్లు తరువాతి పరిశోధనలు చూపాయి. అయితే లెక్కలో పెద్ద భాగం అప్పటికింకా కనబడని మరొక చోట ఉంది.

పగుళ్ల గుండా ప్రసరణ

సముద్రపు అడుగున వేల కిలోమీటర్ల పొడవున సాగే పర్వతశ్రేణుల వద్ద భూఫలకాలు విడిపోతూ, లోపలి నుంచి శిలాద్రవం పైకి వచ్చి గట్టిపడి బసాల్ట్‌గా మారుతుంది. ఈ కొత్త శిలలో పగుళ్లు విస్తారంగా ఉంటాయి. చల్లని సముద్రజలం ఆ పగుళ్లలోకి దిగి, వేడెక్కి, శిలతో చర్య జరిపి మళ్లీ పైకి వస్తుంది. 1975లో బిషాఫ్, డిక్సన్ ప్రయోగశాలలో 200 డిగ్రీల సెల్సియస్ వద్ద, అధిక పీడనంలో బసాల్ట్‌ను సముద్రజలంతో కలిపి ఉంచినప్పుడు నీటిలోని మెగ్నీషియం శిలలోకి చేరిపోవడాన్ని గమనించారు. 1977లో ఆల్విన్ అనే జలాంతర వాహనంలో గలాపగోస్ సమీపాన సుమారు 2,500 మీటర్ల లోతుకు దిగిన శాస్త్రజ్ఞులు సముద్రగర్భపు వేడినీటి ఊటలను కళ్లారా చూశారు. 1979లో తూర్పు పసిఫిక్ శ్రేణిపై 21 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద 350 డిగ్రీలకు పైబడిన వేడితో నల్లని పొగలా ఎగజిమ్మే ఊటలు కనబడ్డాయి. అక్కడి పీడనం వాతావరణ పీడనానికి 250 రెట్లకు మించి ఉండటం వల్ల అంత వేడిలోనూ నీరు మరగదు.

ఈ ప్రయాణంలో నీటి రసాయన స్వభావం పూర్తిగా మారిపోతుంది. వేడెక్కిన నీటిలోని మెగ్నీషియం, హైడ్రాక్సిల్ అయాన్లతో కలిసి స్మెక్టైట్, క్లోరైట్ ఖనిజాల్లో చేరుతుంది. హైడ్రాక్సిల్‌ను కోల్పోయిన నీరు ఆమ్లత్వం పొందుతుంది. ఆమ్ల నేలల్లో అల్యూమినియం అయాను నీటిలోని హైడ్రాక్సిల్‌ను పట్టుకొని ఆమ్లతను పెంచే తీరు నేల శాస్త్ర విద్యార్థులకు పరిచితమే; ఇక్కడ ఆ పని మెగ్నీషియం చేస్తుంది. ఇలా పుట్టిన ఆమ్లం శిలలోని కాల్షియం, పొటాషియం, ఇనుము, మాంగనీసు, జింకు, రాగి వంటి మూలకాలను కరిగించి నీటిలోకి తెస్తుంది.

సల్ఫేట్‌కు మరో మార్గం ఉంది. కాల్షియం సల్ఫేట్ వేడి పెరిగే కొద్దీ తక్కువగా కరుగుతుంది. కాబట్టి నీరు సుమారు 150 డిగ్రీలు దాటేసరికి అది అన్‌హైడ్రైట్‌గా పగుళ్లలో పేరుకుంటుంది. మిగిలిన సల్ఫేట్‌లో కొంత హైడ్రోజన్ సల్ఫైడ్‌గా క్షయకరణం చెందుతుంది. చివరకు ఊట నుంచి వెలువడే అసలు ద్రవంలో మెగ్నీషియం, సల్ఫేట్ దాదాపు శూన్యం. కాల్షియం మాత్రం సముద్రజలంలో కంటే సాధారణంగా ఎక్కువ. ఊటల వద్ద సేకరించిన నమూనాలో మామూలు సముద్రజలం ఎంత కలిసిందో లెక్కించడానికి శాస్త్రజ్ఞులు అందులోని మెగ్నీషియాన్నే కొలమానంగా వాడుతారు.

చల్లని పార్శ్వాల్లో పొటాషియం

నల్లని ఊటలు చూపరులను ఆకట్టుకుంటాయి గాని, నీటి ప్రసరణ వాటితో ఆగదు. సముద్రపు అడుగు నుంచి వెలువడే ఉష్ణంలో సుమారు మూడో వంతు ఈ ప్రసరణ ద్వారానే బయటికి పోతోందని అంచనా. అందులోనూ అధిక భాగం శ్రేణుల శిఖరాల వద్ద కాక, వాటికి దూరంగా ఉన్న పార్శ్వాల్లో వెలువడుతోంది. శిల పుట్టిన తరువాత సగటున సుమారు 6.5 కోట్ల సంవత్సరాల పాటు ఈ ప్రసరణ కొనసాగుతుంది. అక్కడి నీరు గోరువెచ్చగానో చల్లగానో ఉంటుంది.

ఉష్ణోగ్రత తగ్గితే పొటాషియం ప్రవర్తన తారుమారవుతుంది. అధిక వేడిలో శిల నుంచి నీటిలోకి వచ్చిన పొటాషియం, చల్లని భాగాల్లో నీటి నుంచి శిలలోకి చేరుతుంది. అక్కడ అది సెలడొనైట్ అనే ఆకుపచ్చని, అభ్రకాన్ని పోలిన ఖనిజంలోను, పొటాషియం గల స్మెక్టైట్‌లోను బంధితమవుతుంది. శ్రేణుల వద్ద పుట్టే తాజా బసాల్ట్‌లో పొటాషియం ఆక్సైడ్ సుమారు 0.1 శాతమే. కోట్ల సంవత్సరాలు సముద్రజలంలో నానిన శిల పైపొరల్లో అది కొన్ని రెట్లు పెరుగుతుంది.

కోస్టారికాకు దక్షిణాన పసిఫిక్ అడుగున తవ్విన 504బి రంధ్రం ఈ రెండు మండలాలను ఒకేచోట చూపింది. 1979లో మొదలై 1993 వరకు పలు విడతలుగా సాగిన ఆ తవ్వకం సముద్రపు అడుగు నుంచి 2,111 మీటర్ల లోతుకు చేరింది. పై భాగంలో తక్కువ ఉష్ణోగ్రత వద్ద ఏర్పడిన బంకమట్టి ఖనిజాలు, లోతులో క్లోరైట్, ఆక్టినోలైట్ వంటి అధిక ఉష్ణోగ్రత ఖనిజాలు లభించాయి. అందువల్ల సముద్రపు పొటాషియం లెక్కను ఒక్క ఊటల నమూనాలతో తేల్చడం సాధ్యం కాదు. వేడి భాగం ఇచ్చేది, చల్లని భాగం తీసుకొనేది రెండూ కలిపి చూడవలసిందే.

అవక్షేపాల పాత్ర

బసాల్ట్‌పై కాలక్రమేణా పేరుకొనే అవక్షేపాలు నీటి ప్రసరణకు మూతలా పనిచేస్తాయి. ఆ అవక్షేపాల రంధ్రాల్లోని నీటిని లోతు వారీగా పరీక్షించినప్పుడు, అనేక చోట్ల కిందికి పోయే కొద్దీ మెగ్నీషియం తగ్గుతూ కాల్షియం పెరుగుతూ ఉన్నట్లు తేలింది. అడుగున ఉన్న బసాల్ట్‌లో మార్పు ఇంకా కొనసాగుతోందనడానికి ఇది ఒక ముఖ్య సాక్ష్యం.

అవక్షేపాల్లోని బంకమట్టి సైతం స్తబ్ధంగా ఉండదు. దక్కను బసాల్ట్ నేలల నుంచి కృష్ణా, గోదావరి నదులు మోసుకుపోయే స్మెక్టైట్ రేణువులపై నదీజలంలో ప్రధానంగా కాల్షియం అంటి ఉంటుంది. ఉప్పునీటిని చేరగానే ధనాయాన వినిమయం వల్ల కాల్షియం విడుదలై సోడియం, మెగ్నీషియం, పొటాషియం ఆ స్థానాలను ఆక్రమిస్తాయి. బంకమట్టి పూడిన తరువాత ఆక్సిజన్, నైట్రేట్, మాంగనీసు, ఇనుము, సల్ఫేట్ వరుసగా క్షయకరణం చెంది, చివరకు మీథేన్ ఏర్పడుతుంది. నీరు నిలిచిన వరి మడిలో కొద్ది సెంటీమీటర్లలో, కొద్ది వారాల్లో కనిపించే క్రమమే ఇది. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ నౌక కృష్ణా–గోదావరి బేసిన్‌లో తవ్వి వెలికితీసిన గ్యాస్ హైడ్రేట్లు ఈ క్రమపు చివరి మెట్టులో పుట్టిన మీథేన్‌తో ఏర్పడినవే. క్షయకరణం చెందిన సల్ఫేట్‌లో కొంత ఇనుముతో కలిసి పైరైట్‌గా పూడిపోతుంది. సముద్రం సల్ఫేట్‌ను కోల్పోయే మార్గాల్లో ఇది మరొకటి.

సముద్రం ఎండినప్పుడు

ఉప్పు మడుల్లో సముద్రజలం చిక్కబడే కొద్దీ మొదట కాల్షియం కార్బొనేట్, తరువాత జిప్సం, ఆ తరువాత మామూలు ఉప్పు పేరుకుంటాయి. పొటాషియం లవణాలు చిట్టచివరన మాత్రమే ఏర్పడతాయి. ఆ చివరి లవణం ఏదన్నది జిప్సం ఏర్పడే దశలోనే నిర్ణయమవుతుంది. జిప్సంలో కాల్షియం, సల్ఫేట్ సమాన మోల్‌లలో కలుస్తాయి; రెండింటిలో ఏది తక్కువైతే అది ముందుగా అయిపోతుంది.

నేటి సముద్రజలంలో కాల్షియం 10, సల్ఫేట్ 28 మిల్లీమోల్‌లు గనుక కాల్షియం అయిపోయి సల్ఫేట్ మిగులుతుంది. చివరి ద్రవంలో అది మెగ్నీషియం, పొటాషియంతో కలిసి కీసరైట్, కైనైట్, పాలీహలైట్ వంటి లవణాలనిస్తుంది. సముద్రంలో సల్ఫేట్ కంటే కాల్షియం అధికంగా ఉంటే ఫలితం వేరుగా ఉంటుంది. సల్ఫేట్ అంతా జిప్సంలో చేరిపోయి, చివరకు సిల్వైట్, కార్నలైట్ వంటి క్లోరైడ్ లవణాలు మిగులుతాయి. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ అంటే శుద్ధి చేసిన సిల్వైటే.

ఈ రెండు రకాల నిక్షేపాలు భూచరిత్రలో కాలాన్ని బట్టి మారుతూ వచ్చాయి. కెనడాలోని సస్కాచెవాన్, బెలారస్‌ల డెవోనియన్ నిక్షేపాలు, థాయ్‌లాండ్‌లోని ఖొరాట్ క్రెటేషియస్ నిక్షేపాలు క్లోరైడ్ రకానివి. ఉత్తర ఐరోపాలోని జెక్‌స్టైన్ పెర్మియన్ నిక్షేపాల్లో సల్ఫేట్ లవణాలు సమృద్ధి. 1996లో లారెన్స్ హార్డీ ఈ మార్పును సముద్రగర్భ ప్రసరణతో ముడిపెట్టారు. భూఫలకాలు వేగంగా విడిపోయిన యుగాల్లో కొత్త బసాల్ట్ అధికంగా పుట్టి, దాని గుండా ఎక్కువ నీరు ప్రవహించి, మెగ్నీషియం, సల్ఫేట్ తగ్గి కాల్షియం పెరిగిందని ఆయన వాదం. ప్రాచీన ఉప్పు స్ఫటికాల్లో చిక్కుకున్న సూక్ష్మ ద్రవబిందువులను విశ్లేషించి లోవెన్‌స్టైన్ బృందం 2001లో ప్రకటించిన ఫలితాలు, సముద్రజల సంఘటనం నిజంగానే ఇలా ఊగిసలాడిందని ధ్రువీకరించాయి.

ఇంకా తేలని విషయాలు

సంఘటనం మారిందన్న విషయంలో సందేహం లేదు. కారణం విషయంలో మాత్రం ఏకాభిప్రాయం లేదు. సున్నపురాయి డోలమైట్‌గా మారినప్పుడు కూడా మెగ్నీషియం తొలగి కాల్షియం విడుదలవుతుంది గనుక, ప్రధాన పాత్ర దానిదేనని కొందరి అభిప్రాయం. యథాస్థానంలో మిగిలి ఉన్న సముద్రపు అడుగు శిల చాలావరకు 18 కోట్ల సంవత్సరాల లోపుదే. అంతకు పూర్వపు శిల భూమి లోపలికి కుంగిపోయింది కాబట్టి డెవోనియన్ కాలపు విస్తరణ వేగాన్ని నేరుగా కొలవడానికి వీలులేదు. రష్యాలోని ఉరల్ ప్రాంతపు పొటాష్ పెర్మియన్ కాలానిదైనా క్లోరైడ్ రకానిది కావడం, నేటి డెడ్ సీ జలం నుంచి కార్నలైట్ లభించడం, స్థానికంగా నీరు శిలతో జరిపే చర్యలకూ ప్రాముఖ్యం ఉందని సూచిస్తున్నాయి.

విస్తరణ కార్యక్రమాలకు అన్వయం

ఈ విజ్ఞానం నుంచి క్షేత్రస్థాయికి ఉపకరించే అంశాలు మూడు ఉన్నాయి.

మొదటిది, పొటాష్ ఎరువులన్నీ ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలు కావు. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ వాడిన పొలానికి గంధకం వేరుగా అందవలసి ఉంటుంది. వేరుశనగకు వేసే జిప్సం ఆ లోటును కాల్షియంతో సహా తీరుస్తుంది. క్లోరైడ్ వల్ల ఆకు మండే గుణం దెబ్బతినే పొగాకుకు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ సిఫారసు చేయడం అందుకే. పాలీహలైట్‌లో పొటాష్ సుమారు 14 శాతమే గనుక, సంచి ధరను కాక అందులోని నాలుగు పోషకాల విలువను లెక్కించి పోల్చాలి.

రెండవది, మొత్తం పొటాషియం వేరు, లభ్య పొటాషియం వేరు. వింధ్య శిలల్లో లభించే గ్లాకొనైట్ సముద్రపు అవక్షేపాల్లో పుట్టిన ఖనిజం, సెలడొనైట్‌కు దగ్గరి బంధువు. దిగుమతులకు ప్రత్యామ్నాయంగా అటువంటి ఖనిజాల పొడులపై ఆసక్తి పెరుగుతోంది. అయితే సముద్రజలం నుంచి పొటాషియాన్ని కోట్ల సంవత్సరాల పాటు పట్టి ఉంచిన స్ఫటిక నిర్మాణం పైరుకు దానిని తేలికగా వదలదు. అమోనియం అసిటేట్‌తోను, మరిగే నార్మల్ నైట్రిక్ ఆమ్లంతోను వెలువడే పొటాషియాన్ని విడివిడిగా కొలిచి, పైరుపై పరీక్షించిన తరువాతే సిఫారసు చేయాలి. ఆమ్లంతో గాని ఉష్ణంతో గాని శుద్ధి చేసిన ఖనిజాన్నీ ఇవే పరీక్షలతో తూచాలి. శిలాచూర్ణం అమ్మకందారు చూపే మొత్తం పొటాష్ శాతం ఒక్కటే ఆధారమైతే నష్టపోయేది రైతే.

మూడవది, కోతకు గురైన మట్టితో సముద్రం చేరిన పొటాషియం అవక్షేపాల్లోను, బసాల్ట్‌లోను బంధితమై, భూఫలకంతో పాటు లోపలికి కుంగి, అందులో కొంత భాగం అగ్నిపర్వతాల ద్వారా మళ్లీ నేలకు చేరుతుంది. ఆ చక్రం పూర్తి కావడానికి కోట్ల సంవత్సరాలు పడుతుంది. వ్యవసాయపు లెక్కలో దానిని తిరిగిరాని నష్టంగానే పరిగణించాలి. వరి గడ్డిలో, చెరకు ఆకులో ఉన్న పొటాష్‌ను కాల్చి బూడిదగా గాలికీ వాననీటికీ వదలకుండా నేలకే తిరిగి చేర్చడం, వాలు నేలల్లో కోతను అరికట్టడం, నేల పరీక్షల్లో పొటాష్ నిల్వల తగ్గుదలను ఏళ్ల తరబడి నమోదు చేయడం ఈ దృష్టితో చేపట్టవలసిన పనులు. ఎర్ర నేలల్లో నిల్వలు తక్కువ గనుక అక్కడ ఈ నమోదును ముందుగా ప్రారంభించడం అవసరం.