ఏళ్లుగా నిలిచిపోయిన పికప్ బండి: తాళం తిప్పడం ఆఖరి పని

పాతబస్తీ గల్లీల్లోనూ, ఊళ్లలో చింతచెట్ల కిందా టార్పాలిన్ కప్పుకుని నిలబడ్డ పాత పికప్‌లు కనిపిస్తూనే ఉంటాయి. నడిపే మనిషి గల్ఫ్‌కు వెళ్లిపోయి ఉంటాడు. లేదా లాక్‌డౌన్‌లో కిరాయిలు ఆగిపోయి బండి అక్కడే ఉండిపోయి ఉంటుంది. నాలుగైదేళ్ల తర్వాత చూసుకుంటే చేతిలో మిగిలిన ఆస్తి అదొక్కటే. బాటసింగారం నుంచి పండ్లు తెచ్చినా, ఇల్లు మారేవాళ్ల సామాను మోసినా దానితోనే ఇల్లు గడవాలి. తుక్కు కొనేవాళ్లు మాత్రం ఇనుము బరువు చూసి ధర చెబుతారు.

ఇలాంటప్పుడు అందరూ చేసే మొదటి పని పక్క బండి బ్యాటరీకి వైర్లు తగిలించి సెల్ఫ్ కొట్టడం. కాకపోతే నలుగురిని పిలిచి తోయించడం. బాగుపడాల్సిన ఇంజన్ పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. ఏళ్లు గడిచేసరికి ఆయిల్ అంతా అడుక్కి దిగిపోతుంది. సిలిండర్ గోడలు పొడిబారి, తేమ తగిలిన చోట సన్నగా తుప్పు పడుతుంది. పిస్టన్ రింగులు ఆ తుప్పుకు అతుక్కుంటాయి. అప్పుడు బలవంతంగా తిప్పితే రింగులు విరుగుతాయి, గోడలు గీరుకుపోతాయి.

అందుకే రూపాయి ఖర్చు పెట్టకముందే రెండు సంగతులు తేల్చుకోవాలి. ఒకటి, ఛాసిస్. కింద పడుకుని సుత్తితో తట్టి చూస్తే తుప్పు ఎంత లోతుకు తిన్నదో తెలిసిపోతుంది. రెండోది, ఇంజన్ చేత్తో తిరుగుతుందా లేదా అన్నది. గేరు న్యూట్రల్‌లో పెట్టి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా వేసి నెమ్మదిగా తిప్పాలి. డీజిల్ ఇంజన్ కాబట్టి బిగువుగా ఉండటం మామూలే. అసలు కదలకపోతే మాత్రం మొండిగా లాగొద్దు. నాజిళ్లు విప్పి, ఒక్కో సిలిండర్‌లో కొద్దిగా ఆయిల్ పోసి, రెండు రోజులు వదిలేసి మళ్లీ చూడాలి. ఛాసిస్ గట్టిగా ఉండి ఇంజన్ తిరిగితే మిగతా పనంతా ఓపికది. రెండూ పోతే తుక్కు ధరే న్యాయం, మనసుకు కష్టమైనా.

తర్వాత ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరవాలి. ఎలుకల గూడు అందులోనే దొరుకుతుంది. అవి కొరికిన వైర్లు అలాగే ఉంచి బ్యాటరీ తగిలిస్తే షార్ట్ అయి మంటలు లేవొచ్చు. పాత ఆయిల్ దించేసి కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్ వేయాలి. రేడియేటర్‌లో తుప్పునీళ్లు ఉంటే కడిగించాలి.

డీజిల్ సంగతి వేరే చెప్పుకోవాలి. ఖాళీగా ఉన్న ట్యాంకులో తేమ నీరై అడుగున చేరుతుంది. నీళ్లూ డీజిలూ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి నల్లటి మడ్డి కడుతుంది. పాత డీజిల్ మీద కొత్తది పోస్తే ఆ మడ్డి లేచి నేరుగా ఫిల్టర్‌లోకి పోతుంది. ట్యాంకు దించి కడగడమే మేలు. ఫిల్టర్ మార్చి, ప్రైమింగ్ పంపు నొక్కుతూ బుడగలు ఆగేదాకా గాలి తీయాలి. ఇది పాత మెకానికల్ పంపు ఇంజన్లకే. కామన్ రైల్ ఇంజన్ల పైపుల్లో ఒత్తిడి 1,000 బార్ దాటుతుంది, వాటి జోలికి ఇంట్లో పోకూడదు.

తాళం తిప్పే ముందు ఇంకో జాగ్రత్త ఉంది. పాత పంపు లోపలి భాగాలు పట్టేసి ఉంటే ఇంజన్ ఒక్కసారిగా రేజ్ అయిపోవచ్చు, తాళం తీసినా ఆగకపోవచ్చు. గాలి లోపలికి పోయే దారిని మూయడానికి ఒక చెక్క పలక దగ్గర పెట్టుకోవాలి. అరచేయి అడ్డం పెట్టడం మహా ప్రమాదం. ముందు డీజిల్ ఆపి కొన్ని సెకన్లు సెల్ఫ్ తిప్పి, ఆయిల్ లైటు ఆరాకే స్టార్ట్ చేయాలి.

ఇంజన్ పలికిందని సంబరపడి రోడ్డెక్కేవాళ్లు చాలామందే ఉంటారు. కానీ ప్రాణం తీసేది ఇంజన్ కాదు, బ్రేకులు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, దాంతో వీల్ సిలిండర్లు లోపల తుప్పు పడతాయి. నాలుగు చక్రాలూ విప్పి చూడాల్సిందే. రాణిగంజ్‌లోనో ఆటోనగర్‌లోనో ఈ సామాను దొరుకుతుంది, ఇక్కడ బేరం చేసి పాతది కొనొద్దు. టైరు మీద అరుగుదల కన్నా తేదీ చూడాలి. 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైనదని అర్థం. పక్కల పగుళ్లుంటే లోడుకు పనికిరాదు.

కాగితాల్లో మొదటిది ఇన్సూరెన్స్. థర్డ్ పార్టీ బీమా లేకుండా ఫిట్‌నెస్ సెంటర్ దాకా నడిపినా నేరమే, ఏదైనా జరిగితే పరిహారం యజమాని మీదే పడుతుంది. గడువు దాటిన పాలసీకి కంపెనీ బండిని తనిఖీ చేయమంటుంది. ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఫిట్‌నెస్ ఏటా కావాలి. పాత గడువుల అదనపు రుసుము, గ్రీన్ ట్యాక్స్ ఎంతో మరమ్మతుకు ముందే కనుక్కుంటే లెక్క తప్పదు. మొత్తం బరువు 3,000 కిలోల లోపు ఉంటే పర్మిట్ అక్కర్లేదు. మామూలు కారు లైసెన్సుతో 7,500 కిలోల లోపు సరుకు బండి నడపొచ్చని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

మొదటి వారం సగం లోడే వేయాలి, ఊరు దాటకూడదు. రోజూ పొద్దున బండి కింద చుక్కలు పడ్డాయేమో చూడాలి. కొత్తగా పోసిన ఆయిల్‌ను 500 కిలోమీటర్లకే ఒకసారి మార్చేయడం మంచిది, లోపల కరిగిన తుప్పూ మడ్డీ అందులోకే చేరతాయి.