నల్లా బిల్లులో మురుగు లెక్క

హైదరాబాద్ నల్లా బిల్లులో నీటి చార్జీ కింద సీవరేజ్ సెస్ ఉంటుంది. నీటి చార్జీలో 35 శాతం. ఇంట్లోంచి పోయే మురుగుకు మీటరు లేదు. వచ్చిన నీళ్లను బట్టే జలమండలి లెక్కగడుతుంది. వాడిన నీళ్లు చాలావరకు మోరీలోకే పోతాయి కనుక ఇది మరీ తప్పేమీ కాదు. మరి బోరు నీళ్లు? నల్లా మీటరు ఎక్కకుండానే అదే పైపులో పడతాయి.

2021 జనవరిలో మొదలైన పథకంతో నెలకు 20 వేల లీటర్ల దాకా ఇళ్లకు ఉచితం. బస్తీలకు అది ఊరట, దాన్ని మేము తప్పుపట్టం. కానీ బిల్లు సున్నా అయినా మురుగు ఆగదు. మ్యాన్‌హోల్ పూడితే పిలుపు వెళ్లేది కాంట్రాక్టు కార్మికులకు, ఎక్కువగా దళితులకు.

రక్షణ లేకుండా మనిషిని దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. 2017లో జలమండలి దళిత పారిశ్రామికవేత్తల ద్వారా 70 చిన్న జెట్టింగ్ యంత్రాలు తెచ్చింది. అయినా 2021 ఆగస్టులో సాహెబ్‌నగర్ మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు ప్రాణాలతో తిరిగి రాలేదు. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇలాంటి మరణాలకు పరిహారాన్ని 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది.

సెస్సులో యంత్రాలకెంత, కూలికెంత? బిల్లు చెప్పదు. సమాచార హక్కు దరఖాస్తులో మేము అడగమనేది ఇదే: మీ డివిజన్‌లో నిరుడు మ్యాన్‌హోల్ పనులకు ఎంత ఖర్చయింది, కాంట్రాక్టరు ఎవరు, కార్మికుడి చేతికి ఎంత అందింది?