జేఆర్ఎఫ్ 37 వేలు: చేతికి ఎంత, ఎప్పుడు?

ఇంట్లో పిల్లకో పిల్లవాడికో జేఆర్ఎఫ్ వచ్చిందనగానే చుట్టాలంతా మొదట అడిగేది 'నెలకెంతిస్తారట?' అని. అంకె చెప్పడం తేలికే. మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత మూడేళ్లు 42,000. జేఆర్ఎఫ్ అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, పీహెచ్‌డీ చేసేవాళ్లకు కేంద్రం తరఫున అందే నెలవారీ భృతి. ఈ రేట్లు 2023 జనవరి 1 నుంచి వర్తిస్తున్నాయి. ఈ డబ్బును జీతంలా అనుకుని ఇంటి ఈఎంఐలు పెట్టుకునే ముందు మాత్రం మరికొన్ని లెక్కలు తెలియాలి.

ఇచ్చేదెవరు? సైన్స్ చదివినవాళ్లకు సీఎస్ఐఆర్ (శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి) లేదా యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం), సాహిత్యం, చరిత్ర, ఆర్థికశాస్త్రం వంటివి చదివినవాళ్లకు యూజీసీ. సీఎస్ఐఆర్ 1942లో పుట్టింది. చాలామంది దాన్ని ప్రభుత్వ శాఖ అనుకుంటారు గానీ, చట్టం లెక్కలో అది 1860 నాటి చట్టం కింద రిజిస్టరైన సొసైటీ. ప్రధానమంత్రి దానికి అధ్యక్షుడు. హైదరాబాద్‌లో తార్నాక, హబ్సిగూడ వైపు వెళ్తే కనిపించే ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ మూడూ దాని ల్యాబులే.

జేఆర్ఎఫ్‌కు రాయాల్సిన పరీక్ష నెట్ (నేషనల్ ఎలిజిబిలిటీ టెస్ట్). అది పాసైతే ఈ డబ్బు వచ్చేసినట్టేనా? కాదు. చాలా ఇళ్లలో పొరబడేది ఇక్కడే. నెట్ ఒకటే పరీక్ష, ఫలితాలు మాత్రం అంచెలుగా వస్తాయి. పై అంచెలో ఉన్నవాళ్లకు జేఆర్ఎఫ్, ఆ కిందివాళ్లకు అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత. 2024 నుంచి దాని కింద పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే పనికొచ్చే అంచె కూడా చేర్చారు. కాబట్టి 'నెట్ క్వాలిఫై అయ్యాను' అన్న మాట వినగానే, ఏ అంచెలో అని అడగండి. భృతి ఒక్క జేఆర్ఎఫ్ అంచెకే. జేఆర్ఎఫ్ వచ్చినా సరే, పీహెచ్‌డీలో సీటు దొరికి, చేరిన తేదీ నుంచే డబ్బు మొదలవుతుంది.

హాస్టల్లో ఉంటే ఎంత, బయట ఉంటే ఎంత? హాస్టల్ గది ఇవ్వలేకపోతే ఇంటి అద్దె భత్యం అదనంగా వస్తుంది. 2023 ఉత్తర్వు నాటి రేటు ప్రకారం హైదరాబాద్ లాంటి పెద్ద నగరంలో అది 27 శాతం, అంటే 9,990 రూపాయలు. విశాఖ, వరంగల్ తరగతి నగరాల్లో 18 శాతం, 6,660. చిన్న పట్టణాల్లో 9 శాతం, 3,330. ఒక్క మెలిక ఉంది. హాస్టల్ గది ఇస్తామన్నప్పుడు వద్దని బయట ఉంటే ఈ భత్యం అడిగే హక్కు పోతుంది. స్నేహితులతో కలిసి ఫ్లాట్ తీసుకుందామనుకునేవాళ్లు ఈ సంగతి ముందే తేల్చుకోవడం మంచిది. పన్ను బెంగ అక్కర్లేదు, చదువు ఖర్చులకిచ్చే స్కాలర్‌షిప్‌కు ఆదాయపు పన్నులో మినహాయింపు ఉంది. పక్కన ఇంకో జీతపు కొలువు చేయడానికి మాత్రం వీల్లేదు.

ఇక అసలు సంగతి, ఎప్పుడొస్తుందన్నది. ఉద్యోగికి ఒకటో తారీఖున పడినట్టు ఇది పడదు. యూజీసీ ఫెలోషిప్‌నే తీసుకోండి. స్కాలర్ ఆ నెల పనిచేశాడని గైడ్ సంతకం చేయాలి. యూనివర్సిటీ ఆఫీసులో ఒకరు ఆ వివరం పోర్టల్‌లో ఎక్కించాలి, ఆయన్ను మేకర్ అంటారు. ఇంకొకరు సరిచూసి ఆమోదించాలి, ఆయన చెకర్. ఆ తర్వాతే డబ్బు స్కాలర్ ఖాతాకు కదులుతుంది. మేకర్ సెలవులో ఉన్నా, చెకర్ బదిలీ అయినా, ఆధార్‌కూ బ్యాంకు ఖాతాకూ పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ నెల ఆగుతుంది. మొదటి విడత చేతికి రావడానికి కొన్ని నెలలు పట్టడం మామూలే. రెండేళ్లయ్యాక 37 వేలు 42 వేలు కావడమూ దానంతటది జరగదు. బయటి నిపుణుడితో కలిపి ముగ్గురు సభ్యుల కమిటీ కూర్చుని పని చూసి సిఫారసు చేయాలి. అది ఆలస్యమైతే నెలకు 5,000 చొప్పున తేడా అరియర్స్‌గా పేరుకుంటుంది. రావాల్సింది చివరికి వస్తుంది, కానీ మెస్ బిల్లు ఆగదు. నెలకు 15 వేలతో నెట్టుకొచ్చే స్కాలర్‌కైనా మూడు నెలల ఆలస్యానికి 45 వేలు చేతిలో ఉండాలి. ఆ డబ్బు ఇవ్వగలిగిన ఇల్లయితే సరే. కూలి డబ్బుతో చదివించిన ఇంటి పిల్లలకు ఈ మూడు నెలలే పెద్ద గండం.

37 వేలు తక్కువా? దీన్ని పాత రేట్ల పక్కన పెట్టి చూడాలి. 2010లో 16,000. 2014 అక్టోబరులో 25,000 చేశారు, 56 శాతం పెంపు. 2019 జనవరిలో 31,000, అంటే 24 శాతం. 2023లో 37,000, 19 శాతం. పెంపు ప్రతిసారీ చిక్కిపోతూ వచ్చింది. 2019 నుంచి 2023 దాకా నాలుగేళ్లలో చిల్లర ధరలు దాదాపు 26 శాతం పెరిగాయి. అంటే 31 వేలకు 2019లో ఎంత సరుకు వచ్చేదో అంతే రావాలంటే 2023లో 39 వేలు కావాలి. కొత్త రేటు వచ్చిన రోజే రెండు వేలు వెనకబడి ఉంది! కేంద్ర ఉద్యోగి కరువు భత్యం ఏడాదికి రెండుసార్లు ధరల్ని బట్టి మారుతుంది. స్కాలర్‌కు అలాంటిదేమీ లేదు, మళ్లీ ఉత్తర్వు వచ్చేదాకా అదే అంకె. ఆ ఉత్తర్వు కోసమే 2018-19లోనూ, 2022-23లోనూ స్కాలర్లు రోడ్డెక్కాల్సి వచ్చింది. ఫెలోషిప్‌ను కూడా ధరల సూచీకి ముడిపెడితే పరిశోధన వదిలి ధర్నాకు రావాల్సిన పని వాళ్లకుండదు. ఇందులో పెద్ద చిక్కేమీ నాకు కనిపించదు, ఉద్యోగుల కోసం ఆ లెక్క ఎలాగూ కడుతూనే ఉన్నారు.

జేఆర్ఎఫ్ రానివాళ్ల సంగతి? హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి కేంద్ర విశ్వవిద్యాలయాల్లో వాళ్లకు యూజీసీ నెలకు 8,000 ఇస్తుంది, నాన్‌నెట్ ఫెలోషిప్ పేరుతో. రోజుకు 267 రూపాయలు. పక్క బల్ల మీద అదే పని చేసే జేఆర్ఎఫ్ స్కాలర్‌కు రోజుకు 1,233. 2015లో ఈ ఎనిమిది వేలనూ ఆపేయబోతే విద్యార్థులు ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందు రోజుల తరబడి కూర్చున్నారు. రాష్ట్ర యూనివర్సిటీల్లో చేరినవాళ్లకు ఈ పథకం వర్తించదు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులకు విడిగా జాతీయ ఫెలోషిప్‌లున్నాయి, జేఆర్ఎఫ్‌తో సమానంగా ఇస్తారు. జేఆర్ఎఫ్ చేజారిందని చదువు మానుకునే ముందు వాటికి దరఖాస్తు పెట్టాలి.

చివరగా కంటింజెన్సీ, అంటే పరిశోధన ఖర్చులకిచ్చే ఏడాది సొమ్ము. సీఎస్ఐఆర్ 20,000 ఇస్తుంది. యూజీసీ సైన్స్ వాళ్లకు మొదటి రెండేళ్లు 12,000, ఆపై 25,000. భాషలు, చరిత్ర వాళ్లకు 10,000, ఆపై 20,500. పాత తెలుగు పత్రికలు, రాతప్రతుల మీద పనిచేసే స్కాలర్‌ను ఊహించుకోండి. వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్లాలి, చెన్నై ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి వెళ్లాలి, తంజావూరు సరస్వతీ మహల్‌కు వెళ్లాలి. రైలు, బస, జిరాక్సులు అన్నీ నెలకు 833 రూపాయల్లో సర్దుకోవాలి. బిల్లు లేనిదే అదీ రాదు, కాబట్టి టికెట్టూ రసీదూ జాగ్రత్తగా దాచుకోమని చెప్పండి. ఏడాది ముగిసేలోగా వాటిని ఆఫీసులో ఇచ్చి, ఇచ్చినట్టు ఒక కాపీ మీద సంతకం, తేదీ వేయించుకోవాలి.