పలకల మీది పేర్లు

నా విద్యార్థి ఒకడు సింగరేణి కార్మికుని కొడుకు. వేళకాని వేళ గని సైరను కూస్తే వాళ్ళమ్మ చేతిలో పని వదిలి వాకిట్లోకి వచ్చి నిలబడుతుందని ఒకసారి వ్యాసంలో వ్రాశాడు. ఆ వాక్యం నన్ను వదలలేదు. అందుకే నిరుడు మే నెలలో కార్డిఫ్‌లో వున్న మా తమ్ముని యింటికి వెళ్ళినప్పుడు, "కోటలు తర్వాత చూద్దాం గాని, బొగ్గు తవ్విన పల్లె ఒకటి చూపించమ్మా" అని మా మరదల్ని అడిగాను.

"అక్కడ చూడ్డానికేముంటుంది బావగారూ!" అని నవ్వుతూనే తీసుకువెళ్ళింది.

ఆ వూరు సెంగ్హెనిద్. కేర్‌ఫిల్లి పట్టణం దాటాక, ఆబర్ లోయ కొసన కొండల మధ్య ఒదిగి వున్నది. 1891లో అక్కడ యూనివర్సల్ గని త్రవ్వకం మొదలైంది. 1896లో బొగ్గు పైకి వచ్చింది. ఓడలకు ఆవిరి పుట్టించే మేలుజాతి బొగ్గు అది. పని వెతుక్కుంటూ నలుమూలలనుంచీ జనం వచ్చారు. గొర్రెలు మేసే చోట వరుసయిళ్ళూ, ప్రార్థన మందిరాలూ, అంగళ్ళూ వెలిశాయి. మన సింగరేణివారు గనిని 'బాయి' అంటారు. వీరు 'పిట్' అంటారు. ఏ భాషలోనైనా గొయ్యి గొయ్యే గదా!

1901 మే 24న ఆ గని పేలి 81 మంది పోయారు. లోపలినుంచి ప్రాణాలతో బయటపడినవాడు ఒక్క గుర్రాలకాపరి. పన్నెండేళ్ళు తిరిగాక, 1913 అక్టోబరు 14 ఉదయం ఎనిమిది దాటిన కాసేపటికి మళ్ళీ పేలింది. 439 మంది కార్మికులూ, వారిని కాపాడబోయిన మరొకడూ బలి అయ్యారు. బ్రిటన్ గనుల చరిత్రలో యింతకు మించిన ప్రమాదం లేదు. పోయినవారిలో ఎనిమిదిమంది పద్నాలుగేళ్ళ పిల్లలు. 205 మంది స్త్రీలు భర్తలను, 542 మంది పిల్లలు తండ్రులను పోగొట్టుకున్నారు. ఒక యింట తండ్రీ అన్నా పోగా, పద్దెనిమిదేళ్ళ పిల్ల ఆరుగురు తమ్ముళ్ళనూ చెల్లెళ్ళనూ పెంచవలసివచ్చింది.

గనిలోకి గాలి పంపే పంకాను, అవసరమైతే తిరగదిప్పి నడిపే ఏర్పాటు వుండాలని 1911 చట్టం విధించింది. గడువు దాటినా అక్కడ ఆ ఏర్పాటు జరగలేదు. న్యాయస్థానం మేనేజరుకు విధించిన జుర్మానా 24 పౌన్లు. కంపెనీకి, అదీ అప్పీలు మీద, 10 పౌన్లు. మేనేజరు చెల్లించిన మొత్తాన్ని చనిపోయినవారికి పంచి చూడండి: తలకు ఒక షిల్లింగు, పైన ఒక పెన్నీ!

1928లో గని మూతపడింది. వూరు మాత్రం మూతపడలేదు. వూరివారే నడుపుకొంటున్న చిన్న ప్రదర్శనశాల ఒకటున్నది. అక్కడ ఒక వృద్ధురాలు మమ్మల్ని కూర్చోబెట్టి టీ యిచ్చింది.

"మా అమ్మమ్మకు అప్పటికి పదమూడేళ్ళు," అన్నది. "గని దిగి వచ్చిన మగవాళ్ళకు పొయ్యి దగ్గర తొట్టిలో స్నానం. ఆనాడు వాళ్ళమ్మ నీళ్ళు కాచి, చల్లారితే మళ్ళీ కాచి, రాత్రంతా అలాగే వున్నదట."

నేను నా విద్యార్థి తల్లి సంగతి చెప్పాను. ఆమె మాట్లాడలేదు, నా చేతిమీద చెయ్యి వేసింది. మా మరదలు తల తిప్పుకొన్నది.

గని వున్న స్థలంలో నేడు ప్రాథమిక పాఠశాల వున్నది. ఆ పక్కనే, సరిగ్గా నూరేళ్ళకు, 2013లో వేల్సు దేశపు గనికార్మికులందరికీ స్మారకం నెలకొల్పారు. గాయపడ్డవాణ్ణి పట్టుకొని నిలబెడుతున్న మనిషి కంచు విగ్రహం అది. చుట్టూ గోడకు, పోయినవారి పేరు పేరునా పలకలు.

మేము చదువుతూండగానే బడి విడిచారు. తల్లులు గేటు దగ్గర నిలబడి వున్నారు. పిల్లలు కేకలు వేస్తూ పరుగున వచ్చారు. అందరూ వచ్చేదాకా మేమూ అక్కడే నిలబడ్డాము.