మెష్ వైఫై కొంటున్నారా? బాక్స్ మీద అంకెలు కాదు.. ముందు ఇవి చూడండి!

హాల్లో ఫుల్ సిగ్నల్.. బెడ్రూంలోకి వెళ్లగానే వీడియో బఫరింగ్. కింది ఫ్లోర్‌లో స్పీడ్ అదిరిపోతుంది.. పైకి వెళ్తే వాట్సాప్ కాల్ కూడా కట్. ఇలాంటి ఇబ్బంది ఉన్నవాళ్లకు ఇప్పుడు ఎక్కువగా వినిపిస్తున్న సలహా ఒక్కటే.. ‘మెష్ వైఫై పెట్టించుకోండి’. సలహా మంచిదే. కానీ వేలకు వేలు పోసి కొన్నాక కూడా కొన్ని ఇళ్లలో సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి, స్పీడ్ మాత్రం రాదు. వర్క్ ఫ్రమ్ హోమ్ చేసేవాళ్లకు, ఆన్‌లైన్ పరీక్షలు రాసే పిల్లలకు ఇది చిన్న విషయం కాదు. మరి నమ్మకమైన మెష్ సెట్‌ను ఎలా ఎంచుకోవాలి? కొనేముందు ఏం చూడాలి? వివరంగా తెలుసుకుందాం.

మెష్ అంటే ఏంటి?

మామూలుగా ఇంటికి ఒకే రూటర్ ఉంటుంది. మెష్‌లో రెండు లేదా మూడు యూనిట్లు ఉంటాయి. ఒకటి ఇంటర్నెట్ లైన్‌కు కనెక్ట్ అవుతుంది. మిగతావి ఆ సిగ్నల్ అందుకుని దూరంగా ఉన్న గదులకు పంచుతాయి. అన్నిటికీ ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డ్. ఫోన్ పట్టుకుని ఇంట్లో తిరుగుతుంటే దగ్గర్లో ఉన్న యూనిట్‌కు అదే మారిపోతుంది.

తక్కువ ధరకు దొరికే ఎక్స్‌టెండర్ కూడా సిగ్నల్‌ను ముందుకు పంపిస్తుంది. కానీ చాలా ఎక్స్‌టెండర్లు రూటర్‌తో కలిసి ఒకే సిస్టమ్‌లా పనిచేయవు. అందుకే ఫోన్ పాత సిగ్నల్‌నే పట్టుకుని వేలాడుతుంది. మెష్‌లో యూనిట్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుని, ‘పక్క యూనిట్‌కు మారు’ అని ఫోన్‌కు సూచిస్తాయి. అయితే చివరి నిర్ణయం ఫోన్‌దే. కొన్ని పాత ఫోన్లు మెష్ ఉన్నా మొండికేసేది అందుకే.

ముందు ఫ్రీగా ఈ టెస్ట్ చేయండి

మెష్ కొనేముందు అసలు సమస్య ఎక్కడుందో తేల్చుకోవాలి. ల్యాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో నేరుగా రూటర్‌కు కనెక్ట్ చేసి స్పీడ్ టెస్ట్ చేయండి. అక్కడే స్పీడ్ రాకపోతే లోపం లైన్‌లోనో, రూటర్‌లోనో ఉన్నట్టు. ముందు ఇంటర్నెట్ కంపెనీకి కంప్లయింట్ ఇవ్వాలి. ఎన్ని మెష్ యూనిట్లు పెట్టినా ఆ లోపం పోదు.

కేబుల్‌తో బాగుండి, గదుల్లో రాకపోతే అప్పుడు వైఫై సమస్య. రూటర్ ఎక్కడుందో ఒకసారి చూడండి. లైన్ వేసినవాళ్లు తమకు వీలుగా గేటు వైపు గోడకో, టీవీ వెనకో బిగించి వెళ్లిపోతుంటారు. ఇనుప బీరువా, ఫ్రిజ్, పెద్ద అద్దం, నీళ్ల ట్యాంక్ పక్కన ఉంటే సిగ్నల్ అక్కడే ఆగిపోతుంది. రూటర్‌ను ఇంటి మధ్యకు, కాస్త ఎత్తుకు మారిస్తే చిన్న ఇళ్లలో మెష్ అవసరమే ఉండకపోవచ్చు.

అసలు కీలకం ‘బ్యాక్‌హాల్’

మెయిన్ యూనిట్‌కు, రెండో యూనిట్‌కు మధ్య ఉండే లింకునే బ్యాక్‌హాల్ అంటారు. మెష్ బాగుంటుందా లేదా అన్నది ఎక్కువగా ఇదే తేలుస్తుంది.

తక్కువ ధర సెట్లు చాలావరకు డ్యూయల్ బ్యాండ్. అంటే 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని రెండు రేడియోలు ఉంటాయి. రెండో యూనిట్ ఫోన్‌తో మాట్లాడాలన్నా, మెయిన్ యూనిట్‌తో మాట్లాడాలన్నా ఎక్కువగా అదే 5 గిగాహెర్ట్జ్ రేడియో వాడాలి. ఒకే మనిషి రెండు ఫోన్లు మార్చి మార్చి మాట్లాడినట్టు ఉంటుంది పరిస్థితి. దాంతో రెండో యూనిట్ దగ్గర స్పీడ్ సగానికి పడిపోవచ్చు. దాని నుంచి మూడో యూనిట్ సిగ్నల్ తీసుకుంటే ఇంకా తగ్గుతుంది. ఫోన్లో మాత్రం గీతలు ఫుల్‌గా కనిపిస్తాయి. ఎందుకంటే ఆ గీతలు పక్కనే ఉన్న యూనిట్ సిగ్నల్‌ను చూపిస్తాయి. వెనక ఉన్న లింకు ఎలా ఉందో చెప్పవు.

ట్రై బ్యాండ్ సెట్లలో మూడో రేడియో ఉంటుంది. దాన్ని యూనిట్ల మధ్య లింకుకే కేటాయించే మోడళ్లలో ఈ ఇబ్బంది తక్కువ. ధర మాత్రం ఎక్కువే.

కేబుల్ లాగితే సగం బాధ పోయినట్టే

దీనికి తక్కువ ఖర్చు మార్గం ఒకటుంది. రెండు యూనిట్ల మధ్య లాన్ కేబుల్ వేయడం. దీన్నే వైర్డ్ బ్యాక్‌హాల్ అంటారు. క్యాట్-5ఈ, క్యాట్-6 కేబుళ్లు 100 మీటర్ల వరకు 1 జీబీపీఎస్ స్పీడ్‌ను మోయగలవు. కేబుల్ ఉంటే మామూలు డ్యూయల్ బ్యాండ్ సెట్ కూడా, కేబుల్ లేని ఖరీదైన సెట్‌కు దీటుగా పనిచేయొచ్చు.

మన దగ్గర ఇది మరీ ముఖ్యం. ఇటుక గోడలు, ఫ్లోర్‌కు ఫ్లోర్‌కు మధ్య ఇనుప ఊచలతో పోసిన కాంక్రీట్ స్లాబ్.. వీటిని దాటి 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ వెళ్లడం కష్టం. డ్యూప్లెక్స్ ఇల్లు, జీ ప్లస్ వన్ ఇల్లు కట్టుకునేవాళ్లు కరెంట్ పైపులతో పాటే విడిగా ఒక పైపు వేయించి, ప్రతి ఫ్లోర్‌కు ఒక క్యాట్-6 కేబుల్ లాగించుకుంటే తర్వాత ఎంతో ఖర్చు తప్పుతుంది. ఇప్పటికే కట్టిన ఇంట్లో అయితే మెట్ల పక్క నుంచి కేసింగ్‌లో లాగొచ్చు.

ఒక జాగ్రత్త. కొనే మోడల్ వైర్డ్ బ్యాక్‌హాల్‌ను సపోర్ట్ చేస్తుందా, ప్రతి యూనిట్‌కు లాన్ పోర్ట్ ఉందా అన్నది ముందే చూసుకోవాలి.

అంకెల మాయలో పడొద్దు

బాక్స్ మీద ఏసీ1200, ఏఎక్స్1500, ఏఎక్స్3000 అని రాసి ఉంటుంది. ఇది ఒక ఫోన్‌కు వచ్చే స్పీడ్ కాదు. అన్ని బ్యాండ్ల గరిష్ఠ అంకెలను కలిపి వేసిన లెక్క. ఉదాహరణకు ఏఎక్స్3000 అంటే 2.4 గిగాహెర్ట్జ్‌లో 574, 5 గిగాహెర్ట్జ్‌లో 2402 ఎంబీపీఎస్. అది కూడా కాగితం మీద లెక్కే.

అంతకంటే ముఖ్యమైంది పోర్ట్. కొన్ని చవక సెట్లలో లాన్ పోర్టులు 100 ఎంబీపీఎస్ వరకే ఉంటాయి. ఇంట్లో 200 లేదా 300 ఎంబీపీఎస్ ప్లాన్ ఉంటే, అలాంటి సెట్ పెట్టాక 100 దాటదు. నెల నెలా కట్టే డబ్బులో పెద్ద వాటా వృథా. స్పెసిఫికేషన్లలో ‘గిగాబిట్’ అని ఉంటేనే తీసుకోవాలి.

‘5,000 చదరపు అడుగుల కవరేజీ’ లాంటి మాటలదీ ఇదే తీరు. గోడలు అడ్డం లేని చోటికి, చెక్క, జిప్సమ్ బోర్డు గోడలున్న ఇళ్లకు సరిపోయే లెక్క మన సిమెంట్ ఇళ్లకు సరిపోదు.

వైఫై 6 చాలా.. వైఫై 7 కావాలా?

500 ఎంబీపీఎస్ లోపు ప్లాన్ ఉన్న ఇంటికి మంచి వైఫై 6 సెట్ చాలు. వైఫై 7 సర్టిఫికేషన్ 2024 జనవరిలో మొదలైంది. కొత్త ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు ఉండి, గిగాబిట్ ప్లాన్ తీసుకున్నవాళ్లకే దాని ప్రయోజనం ఎక్కువగా కనిపిస్తుంది.

అమెరికాలో ఉన్న పిల్లలు మెష్ సెట్ తెచ్చి ఇవ్వడం మన ఇళ్లలో మామూలే. అక్కడ 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మొత్తాన్ని, అంటే 5925 నుంచి 7125 మెగాహెర్ట్జ్ వరకు, 2020లోనే వైఫైకి తెరిచారు. మన దేశంలో 2025 మేలో టెలికాం శాఖ ఇచ్చిన ముసాయిదా నిబంధనలు 5925 నుంచి 6425 వరకే. అక్కడి సెట్ యూనిట్ల మధ్య లింకుకు 6 గిగాహెర్ట్జ్‌నే నమ్ముకుంటే ఇక్కడ అదే పనితీరు వస్తుందన్న గ్యారంటీ లేదు. పైగా ఇక్కడ వారంటీ వర్తిస్తుందో లేదో అడగాలి. ఇక్కడ అమ్మే మోడల్ కొనడమే సేఫ్.

ఫైబర్ బాక్స్‌ను ఏం చేయాలి?

ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన ఫైబర్ బాక్స్ కూడా చాలాసార్లు రూటరే. దాని వెనక మెష్ కూడా రూటర్‌గా పనిచేస్తే గేమింగ్, సీసీ కెమెరాల్లో ఇబ్బందులు రావొచ్చు. సులువైన దారి.. మెష్‌ను ‘యాక్సెస్ పాయింట్’ మోడ్‌లో పెట్టి, పాత బాక్స్ వైఫైని ఆఫ్ చేయడం. మరో దారి ఫైబర్ బాక్స్‌ను ‘బ్రిడ్జ్’ మోడ్‌కు మార్పించడం. ఏపీ ఫైబర్‌నెట్‌లా టీవీ, ఫోన్ కూడా ఒకే కనెక్షన్‌పై నడిచే చోట మాత్రం ఆపరేటర్‌ను అడగకుండా సెట్టింగ్స్ ముట్టుకోవద్దు.

కరెంట్ పోతే పరిస్థితేంటి?

మెష్‌లో ప్రతి యూనిట్‌కు కరెంట్ కావాలి. ఫైబర్ బాక్స్, మెయిన్ యూనిట్.. ఈ రెండింటిలో ఏది ఆగినా ఇల్లంతా నెట్ కట్. అందుకే ఈ రెండూ తప్పనిసరిగా ఇన్వర్టర్ లైన్ సాకెట్‌కే ఉండాలి. మినీ యూపీఎస్ కొంటే అడాప్టర్ మీద రాసిన వోల్టులు సరిగ్గా సరిపోవాలి, ఆంపియర్లు అంతకు తగ్గకూడదు.

అప్‌డేట్లు ఆగిపోతే ముప్పే

ఇంట్లోని ఫోన్లు, టీవీలు, కెమెరాల ఇంటర్నెట్ అంతా ఈ బాక్సుల గుండానే వెళ్తుంది. వాటి సాఫ్ట్‌వేర్‌లో లోపం బయటపడినప్పుడు కంపెనీ అప్‌డేట్ ఇవ్వకపోతే హ్యాకర్లకు తలుపు తెరిచినట్టే. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, ఇలాంటి పరికరాలకు ఎంతకాలం సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తారో కంపెనీలు ముందే చెప్పాలి. ఇక్కడ కొనేవాళ్లు కూడా కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్‌కు చివరి అప్‌డేట్ ఎప్పుడొచ్చిందో చూడాలి. ఏడాది దాటినా కొత్తది రాకపోతే ఆలోచించాల్సిందే. డబ్ల్యూపీఏ3 సెక్యూరిటీ, ఆటో అప్‌డేట్ ఉన్నవి మేలు.

ఎక్కడ పెట్టాలి?

చాలామంది చేసే పొరపాటు.. సిగ్నల్ అస్సలు రాని గదిలోనే రెండో యూనిట్ పెట్టడం. దానికే సిగ్నల్ అందకపోతే అది ఇంకొకరికి ఏం పంచుతుంది? మెయిన్ యూనిట్‌కు, ఆ గదికి మధ్యలో పెట్టాలి. రెండు ఫ్లోర్లుంటే మెట్ల దగ్గర బెస్ట్. ఫోన్‌లో వైఫై అనలైజర్ యాప్‌తో చూస్తే, రెండో యూనిట్ పెట్టే చోట మెయిన్ సిగ్నల్ మైనస్ 65 డీబీఎం దగ్గర్లో ఉండాలి. మైనస్ 75 దాటి పడిపోతే యూనిట్‌ను దగ్గరకు జరపాలి.

ముందు రెండు యూనిట్ల సెట్ తీసుకోండి. చాలకపోతే అదే కంపెనీది, దాంతో కలిసి పనిచేసే మోడల్ ఇంకోటి కలపొచ్చు. ఆన్‌లైన్‌లో కొంటే రిటర్న్ గడువులోపే ప్రతి గదిలో స్పీడ్ టెస్ట్ చేయండి. ముఖ్యంగా రాత్రి పూట, ఇంట్లో అందరూ వాడుతున్నప్పుడు చూడాలి. ఒక గదిలో వీడియో కాల్ మొదలుపెట్టి ఇంకో గదికి నడవండి. కాల్ తెగకుండా, వీడియో ఆగకుండా నడిస్తే ఆ సెట్ మీ ఇంటికి సరిపోయినట్టే. లేదంటే గడువు దాటకముందే వెనక్కి ఇచ్చేయడం ఉత్తమం.