సహకర్తృత్వము

పలువురు గూడి రచించిన గ్రంథమున నెవ్వరి భాగ మెంత యను ప్రశ్నము సర్వత్ర యుక్తము గాదు. ద్వంద్వసమాసమును దలంచిన నిది తెల్లమగును. ఇతరేతరయోగమునఁ బదార్థములు గలసియుఁ దమ సంఖ్యను విడువవు. సమాహారమున నవి యేకవచనమున లీనమగును.

భాస్కరరామాయణము మొదటి తెగకుఁ జేరినది. అందు బాల, కిష్కింధా, సుందరకాండములు మల్లికార్జునభట్టువి, అయోధ్య కుమారరుద్రదేవునిది, అరణ్యము భాస్కరునిది, యుద్ధకాండమున భాస్కరుఁడు విడిచిన భాగము నయ్యలార్యుఁడు పూరించెను. ఇచ్చట నలువురి శైలులను బోల్చి చూపుట శిష్యులకు మేలే.

15వ శతాబ్దమువారగు నంది మల్లయ, ఘంట సింగయల ప్రబోధచంద్రోదయ, వరాహపురాణములు వేఱు. పద్యము నెత్తి యిది మల్లయదా, సింగయదా యని శిష్యు నడుగుట నాకు సమ్మతము గాదు. కవులే విభాగము చెప్పనిచోట మనము చేయు విభాగ మూహామాత్రము. పాణిపాద మనుచోట నేకవచనము చేతిదా, కాలిదా యని యడుగు విద్యార్థి కేమి చెప్పుదుము?

తిరుపతి వేంకటకవుల విషయ మింకను విశేషము. 1920 సంవత్సరమున దివాకర్ల తిరుపతిశాస్త్రి గతించిన పిదపను జెళ్లపిళ్ల వేంకటశాస్త్రి జంటపేరు విడువక రచనలు ప్రకటించెను. ఇది యేకశేషము. ‘పితరౌ’ అనుచోట మాతృశబ్దము లోపించినను దల్లి యర్థమును, ద్వివచనమును నిలిచియే యున్నవి గదా.