గొట్టాన్నే మీటగా మార్చిన ఎయిర్‌గన్

ఎయిర్‌గన్‌లో మందుగుండు ఉండదు; ఒత్తిడికి లోనైన గాలే సీసపు పెల్లెట్‌ను ముందుకు నెడుతుంది. ఆ ఒత్తిడిని పుట్టించే పద్ధతులు కొన్ని ఉన్నాయి. సిలిండర్‌లో గాలిని ముందే దట్టించి పెట్టుకోవచ్చు, పంపు కొట్టి నింపుకోవచ్చు, కార్బన్ డయాక్సైడ్ గుళికను బిగించుకోవచ్చు. వీటన్నిటికంటే సాదా పద్ధతి మరొకటి ఉంది: బలమైన స్ప్రింగ్‌ను నొక్కిపెట్టి, ట్రిగ్గర్ లాగగానే అది పిస్టన్‌ను తోసేలా చేయడం. తిరునాళ్ళలో బెలూన్లు కాల్చమని చేతికిచ్చే తుపాకీ సాధారణంగా ఈ రకానిదే. దాని గొట్టాన్ని విరిచినట్టుగా కిందికి వంచితే లోపలి స్ప్రింగ్ ముడుచుకుని ఆగిపోతుంది, గొట్టం వెనక రంధ్రం తెరుచుకుంటుంది. అందులో ఒక పెల్లెట్ పెట్టి గొట్టాన్ని మళ్లీ పైకి మూస్తే తుపాకీ సిద్ధమైనట్టే. దీన్నే బ్రేక్ బ్యారెల్ అంటారు.

ఈ అమరికలోని తెలివంతా ఒక్కచోటే ఉంది: ఇందులో గొట్టమే మీట. స్ప్రింగ్‌ను నొక్కడానికి గొట్టం కిందో పక్కనో వేరే మీట బిగించనక్కర్లేదు, పెల్లెట్ పెట్టడానికి వేరే మూత అక్కర్లేదు. భాగాలు తగ్గాయి కాబట్టి బరువూ తగ్గింది, ధరా తగ్గింది. అయితే కదిలే గొట్టం ప్రతిసారీ వెంట్రుకవాసి తేడా లేకుండా అదే చోటికి తిరిగి రావాలి. ఈ రకం తుపాకీ మంచిదా కాదా అన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది.

గాలి తుపాకీలు కొత్తవేమీ కావు. స్టాక్‌హోమ్ రాజ ఆయుధశాలలో ఉన్న ఒక ఎయిర్‌గన్ సుమారు 1580 నాటిది. ఆస్ట్రియా సైన్యం 1780 ప్రాంతంలో జిరాండోని రూపొందించిన ఎయిర్ రైఫిల్‌ను వాడుకలోకి తెచ్చింది. భుజానికి ఆనించే దాని మడమ భాగమే గాలి సిలిండర్. పూర్తిగా నింపాలంటే వెయ్యికి పైగా పంపు దెబ్బలు కొట్టాలి. అమెరికా పడమటి తీరానికి 1803–06లో సాగిన లూయిస్, క్లార్క్ యాత్రలోనూ ఒక ఎయిర్ రైఫిల్ వెంట వెళ్లింది. ఇవన్నీ నిపుణుల చేతిపనితనం మీద ఆధారపడ్డ ఖరీదైన వస్తువులు. వీటిలో ఒక్క అతుకు కారినా గాలి నిలవదు. మామూలు మనిషికి ఇవి అందుబాటులోకి రాలేదు.

దారి మార్చింది స్ప్రింగే. గాలిని గంటల తరబడి నిలవ ఉంచే పని లేకుండా, పేల్చే క్షణంలోనే దాన్ని నొక్కితే సరిపోతుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఇలియన్‌లో హావిలాండ్, గన్ అనే ఇద్దరు 1870ల మొదట్లో ఇలాంటి తుపాకీలు తయారుచేశారు. దగ్గర్లోని హెర్కిమర్‌లో క్వాకెన్‌బుష్ అదే దశాబ్దంలో వాటిని విరివిగా అమ్మకానికి తెచ్చాడు. ఆ అమెరికన్ నమూనా జర్మనీ చేరి ‘జెమ్’ అనే పేరుతో స్థిరపడింది. గొట్టం వంచి ఎక్కుపెట్టే ఆ చవక తుపాకీలు పంతొమ్మిదో శతాబ్దం చివర్లో యూరప్ అంతటా అమ్ముడయ్యాయి. వాటిలో గాలి గది మడమ లోపలే ఉండేది. దాన్ని గొట్టానికి సూటిగా వెనక్కి తెచ్చాకే ఇప్పటి రూపం వచ్చింది.

అమెరికాలో కథ ఇంకో మలుపు తిరిగింది. మిషిగన్‌లోని ప్లిమత్‌లో ఇనుప గాలిమరలు చేసే కంపెనీ ఒకటి 1888లో, గాలిమర కొన్న రైతుకు ఒక లోహపు ఎయిర్‌గన్ ఇవ్వడం మొదలుపెట్టింది. జనానికి గాలిమర కంటే తుపాకీయే ఎక్కువ నచ్చింది. 1895లో ఆ కంపెనీ పేరే డైసీగా మారింది. డైసీ తుపాకీలు గుండ్రటి చిన్న గుండ్లు పేల్చే పిల్లల సరుకు. గురికి పనికొచ్చే రైఫిళ్లు మాత్రం జర్మనీ, ఇంగ్లండ్‌లలోనే పెరిగాయి. జాకబ్ మేయర్, జోసెఫ్ గ్రామెల్స్‌పాకర్ 1890లో రాష్టాట్‌లో పెట్టిన కార్ఖానా నుంచి డయానా తుపాకీలు వచ్చాయి. వైరౌఖ్ కుటుంబం 1899లో జెల్లా పట్టణంలో పని మొదలుపెట్టింది. బర్మింగ్‌హామ్‌లో లింకన్ జెఫ్రీస్ నమూనాను బీఎస్ఏ కంపెనీ 1905 నుంచి తయారుచేసింది. అయితే అందులో గొట్టం కదలదు, కింద వేరే మీట ఉంటుంది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత డయానా యంత్రాలూ, ఆ పేరూ స్కాట్లండ్‌కు చెందిన మిల్‌బ్రో కంపెనీ చేతికి వెళ్లాయి. దాంతో రాష్టాట్ కార్ఖానా 1950ల్లో మళ్లీ తేరుకున్నాక, తన సొంత సరుకును బ్రిటన్‌లో ‘ఒరిజినల్’ అనే పేరుతో అమ్ముకోవాల్సి వచ్చింది. అసలు డయానా చేసేవాడికి డయానా పేరు లేదు! ఆ కాలపు డయానా 27 రెండున్నర కిలోల పైచిలుకు బరువుతో, పెద్దవాళ్లకూ పిల్లలకూ సరిపడే కొలతతో ఈ జాతిలోనే ఆదర్శంగా నిలిచింది. వైరౌఖ్ కంపెనీ బవేరియాలోని మెల్‌రిచ్‌స్టాట్‌కు మారి చేసిన హెచ్‌డబ్ల్యూ 30 కూడా అదే బాటలో నడిచింది. చవక, తేలిక అన్న రెండు మాటలకూ ఇప్పటికీ కొలబద్దలు ఈ రెండు నమూనాలే.

తేలిక తుపాకీకి ఎంత శక్తి తగునో తెలియాలంటే ట్రిగ్గర్ లాగాక ఏం జరుగుతుందో చూడాలి. కొక్కెం వదిలిన వెంటనే స్ప్రింగ్ పిస్టన్‌ను ముందుకు తోస్తుంది. పిస్టన్ ముందున్న గాలి క్షణంలో కుంచించుకుపోతుంది. వేడి బయటికి పోయే వ్యవధి లేదు కాబట్టి దాని ఉష్ణోగ్రత వందల డిగ్రీలకు చేరుతుంది. భౌతికశాస్త్ర పుస్తకాల్లో స్థిరోష్ణక సంపీడనం అనేది ఇదే. ఆ గాలి సన్నటి రంధ్రం గుండా పెల్లెట్ వెనక్కి చేరుతుంది. పెల్లెట్ మొదట కదలదు. ఒత్తిడి చాలినంత పెరిగాకే జారి ముందుకు దూసుకుపోతుంది. పిస్టన్ ముందుకు పరిగెడుతున్నప్పుడు తుపాకీ వెనక్కి తంతుంది. గది చివర మిగిలిన గాలి దిండుకు తగిలి పిస్టన్ ఆగేటప్పుడు తుపాకీ ముందుకు ఊగుతుంది. మొత్తం వ్యవహారం సెకనులో సుమారు నూరోవంతులో ముగుస్తుంది, కానీ అంతసేపూ పెల్లెట్ ఇంకా గొట్టంలోనే ఉండొచ్చు. చేయి ఎంత నిలకడగా ఉన్నా, గుండు బయటికి రాకముందే తుపాకీ కదిలిపోతుందన్నమాట.

దీన్నిబట్టి తేలికదనానికీ శక్తికీ పొత్తు కుదరదు. బలమైన స్ప్రింగ్ తేలిక తుపాకీలో పెడితే ఆ ఊపు రెట్టింపవుతుంది, గురి చెదురుతుంది. శక్తిమంతమైన బ్రేక్ బ్యారెల్‌గా పేరుపడ్డ హెచ్‌డబ్ల్యూ 80 దాదాపు నాలుగు కిలోలు తూగడానికి కారణం ఇదే. మరోవైపు అర గ్రాము పెల్లెట్‌ను సెకనుకు 170 మీటర్ల వేగంతో పంపే తుపాకీ శక్తి ఏడు జౌళ్లకు కాస్త ఎక్కువ. కాగితపు గురికీ, ఇరవై మీటర్ల లోపు పెట్టిన డబ్బాకూ అంతకంటే అక్కర్లేదు. జర్మనీలో 7.5 జౌళ్ల లోపు తుపాకీల మీద పంచభుజిలో ఎఫ్ అక్షరం ముద్ర వేస్తారు; ఇంగ్లండ్‌లో ఎయిర్ రైఫిల్‌కు సర్టిఫికెట్ అక్కర్లేని హద్దు సుమారు 16 జౌళ్లు. అయితే ఏడు జౌళ్లంటే ఆటబొమ్మ అనుకోకూడదు. ఆ పెల్లెట్ చర్మాన్ని చీల్చగలదు, కన్ను పోగొట్టగలదు.

1980ల నుంచి అమ్మకాలను నడిపింది మాత్రం వేగం అంకె. సెకనుకు 1000 అడుగులు, తర్వాత 1200 అడుగులు అని అట్టపెట్టెల మీద పెద్ద అక్షరాలతో అచ్చయింది. ఆ అంకెలు చాలాసార్లు మామూలు సీసంతో కాక, ప్రత్యేకంగా చేసిన అతి తేలిక లోహపు పెల్లెట్లతో తీసినవి. పైగా ధ్వనివేగం సెకనుకు సుమారు 340 మీటర్లు, అంటే 1100 అడుగుల పైచిలుకు. ఆ వేగానికి దగ్గరపడ్డ పెల్లెట్ గాలిలో తొణికి దారి తప్పుతుంది. పెల్లెట్ డమరుకం ఆకారంలో ఉంటుంది: తల బరువు, నడుము సన్నం, వెనక పావడా డొల్ల. పావడా గాలి ఒత్తిడికి విచ్చుకుని గొట్టానికి అంటుకుంటుంది, ఎగిరేటప్పుడు గాలిని పట్టి తోకలా నిలుపుతుంది. ఈ ఆకారం ధ్వనివేగం కంటే తక్కువలోనే చక్కగా పనిచేస్తుంది. వేగం అంకె చూసి చవక తుపాకీ కొన్నవారికి తరచు దక్కేది గట్టి తన్ను, పెద్ద చప్పుడు, చెదిరిన గురి.

స్ప్రింగ్ బదులు మూసిన సిలిండర్‌లోని వాయువును వాడే పద్ధతిని 1980ల్లో బ్రిటన్‌కు చెందిన థియోబెన్ కంపెనీ ప్రచారంలోకి తెచ్చింది. అది ఎంతసేపు ఎక్కుపెట్టి ఉంచినా అలసిపోదు, చలికి బిగుసుకోదు. ఇప్పుడు చవక తుపాకీల్లోనూ కనిపిస్తోంది. కానీ అది చెడితే ఇంట్లో బాగుచేసుకోలేరు. ఉక్కు స్ప్రింగ్‌నైతే సరైన బిగింపు పనిముట్టుతో మార్చుకోవచ్చు.

కొనేటప్పుడు చూడాల్సినవాటిలో మొదటిది గొట్టం బిగువు. తుపాకీని మూసి, ఒక చేత్తో స్టాక్‌నూ మరో చేత్తో గొట్టం కొసనూ పట్టుకుని పక్కలకు కదిపితే ఏమాత్రం ఆడకూడదు. గొట్టం తిరిగే ఇరుసు మరబోల్టుతో ఉంటే వదులైనప్పుడు బిగించుకోవచ్చు. కొట్టి దించిన పిన్ను అయితే ఆ వీలు ఉండదు. రెండోది ఎక్కుపెట్టే శ్రమ. హెచ్‌డబ్ల్యూ 30 వంటివాటికి తొమ్మిది పది కిలోల బలం చాలు. పెద్ద తుపాకీలకు అంతకు రెట్టింపు కావాలి. పూటకు యాభై పెల్లెట్లు కాల్చేవారికి ఈ తేడా భుజంలో తెలుస్తుంది. మూడోది ట్రిగ్గర్. అది బరువుగా ఉన్నా ఫర్వాలేదు గానీ, ఏ క్షణాన కొక్కెం వదులుతుందో తెలియని ట్రిగ్గర్‌తో గురి నేర్చుకోవడం కష్టం. చవక తుపాకీల్లో కంపెనీలు మొదట కోత పెట్టేది అక్కడే.

టెలిస్కోప్ మోజు గురించి ఒక మాట. ముందు గురికాయా వెనక గురికాయా రెండూ గొట్టం మీదే ఉన్న తుపాకీలో, గొట్టం కాస్త కిందికి వంగి మూసుకున్నా గురి చెడదు. రెండూ కలిసే వంగుతాయి. టెలిస్కోప్ మాత్రం వెనకనున్న గాలి గది మీద కూర్చుంటుంది, కాబట్టి ఆ వంపు పూర్తిగా దాని మీద పడుతుంది. మామూలు తుపాకీ టెలిస్కోప్ వెనక్కి తన్నే దెబ్బకే తయారవుతుంది. ముందుకూ వెనక్కూ ఊపే ఎయిర్‌గన్ మీద దాని కటకాలు కదిలిపోతాయి. కొత్తగా నేర్చుకునేవారికి తేలిక తుపాకీ మీద ఇనుప గురికాయలే మేలు. పట్టు కూడా బిగించకూడదు. తుపాకీని అరచేతిలో ఆనించి, దాని మానాన దాన్ని ప్రతిసారీ ఒకేలా కదలనివ్వాలి.

ఈ ఊపును పూర్తిగా అణచడానికి జర్మన్ ఇంజినీరు కర్ట్ గిస్ ఎదురెదురుగా కదిలే రెండు పిస్టన్ల ఉపాయం కనిపెట్టాడు. డయానా 60 అనే బ్రేక్ బ్యారెల్ దానితోనే పోటీలకు ఎక్కింది. అది చవకా కాదు, తేలికా కాదు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీ 1984లో ఒలింపిక్స్‌లో చేరింది. దాని గురిలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. క్రమంగా పోటీల్లో ముందే గాలి నింపిన తుపాకీలే మిగిలాయి. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిందీ ఈ పోటీలోనే.

మళ్లీ మామూలు తుపాకీ దగ్గరికి వస్తే, వాడేటప్పుడు కొన్ని జాగ్రత్తలు కావాలి. గొట్టాన్ని వంచుతున్నప్పుడు పూర్తిగా ఆగేదాకా వదలకూడదు. పెల్లెట్ పెట్టేటప్పుడు కూడా ఒక చేయి గొట్టం మీదే ఉండాలి; కొక్కెం జారితే గొట్టం ఎగిరి వేళ్లను నలిపేస్తుంది. పెల్లెట్ లేకుండా ఖాళీగా పేల్చితే పిస్టన్‌ను ఆపే గాలి దిండు ఉండదు, లోహం లోహానికి తగిలి పిస్టన్ కొసనున్న సీలు చితుకుతుంది. పాతకాలపు తోలు సీలుకు అప్పుడప్పుడు నూనె చుక్క కావాలి. ఇప్పటి ప్లాస్టిక్ సీళ్లున్న గాలి గదిలో నూనె పోస్తే డీజిల్ ఇంజన్‌లోలా ఆ వేడికి అది భగ్గుమని మండి స్ప్రింగ్‌నూ సీలునూ దెబ్బతీస్తుంది.

భారతదేశంలో 2016 ఆయుధ నియమాల ప్రకారం గొట్టం కొలత 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌళ్లు దాటని ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. తేలిక బ్రేక్ బ్యారెళ్లు దాదాపు అన్నీ ఈ హద్దులోనివే. మహారాష్ట్రకు చెందిన ప్రెసిహోల్ వంటి దేశీయ కంపెనీలు కూడా వీటిని చేస్తున్నాయి. లైసెన్సు లేకపోవడం వేటకు అనుమతి కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పిట్టను కొట్టినా నేరమే. అరుణాచల్ ప్రదేశ్‌లో అడవి పక్షుల వేట ఆపడానికి 2021 మార్చిలో ఎయిర్‌గన్‌ల అప్పగింత ఉద్యమం మొదలైంది. ఊళ్లవాళ్లు తమంతట తామే తెచ్చి ఇచ్చిన తుపాకీలు రెండు వేలు దాటాయి.

తుపాకీ ఎంచుకున్నాక మిగిలేది పెల్లెట్ ఎంపిక. ఒకే కంపెనీ, ఒకే నమూనా తుపాకీలు రెండు కూడా ఒకే పెల్లెట్‌తో సమానంగా కొట్టవు. మూడు నాలుగు రకాల డబ్బాలు కొని, పది మీటర్ల దూరంలో ఒక్కో రకంతో పది చొప్పున కాగితం మీద కాల్చి చూస్తే, రంధ్రాలు దగ్గరగా పడ్డ రకమే ఆ గొట్టానికి తగినది. సీసం విషం కాబట్టి కాల్చడం అయ్యాక చేతులు కడుక్కోకుండా తిండి ముట్టకూడదు.